సేవాఫలం ఎవరిది?

లాభాపేక్ష లేని సంస్థ ఏదైనా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. చేపట్టిన పని తనకు చేతనవునా? ఆ పని వల్ల అవతలివాళ్లకు మేలు జరిగిందా? మొదటిది నైపుణ్యానికి సంబంధించింది, రెండోది పనితీరు కొలతకు సంబంధించింది. ఈ రెంటినీ ఇవాళ మేనేజ్‌మెంట్ వ్యవహారాలుగా చూస్తున్నారు. శిక్షణ తరగతుల్లోనూ దాతలకు పంపే నివేదికల్లోనూ వీటి ప్రస్తావన వస్తుంది. కానీ వీటి అడుగున చాలా పాత ధార్మిక ప్రశ్న ఒకటి ఉంది. సేవ దైవానికి అర్పణ అయితే, ఫలం మీద ఆశ వదులుకొని చేయవలసిన కర్మ అయితే, దాని ఫలితాన్ని లెక్క కట్టడం తగునా? లెక్క మొదలైన చోట కరుణ నిలుస్తుందా? మఠాలు నడిపే ఆసుపత్రుల్లో, చర్చిల ఆధ్వర్యంలోని బడుల్లో, గాంధేయ ఆశ్రమాల్లో ఈ సందేహం నిజాయితీగానే వినిపిస్తుంది. ‘మా వంతు మేం చేశాం, మిగతాది పైవాడి దయ’ అన్న మాట చాలాసార్లు వినయంతో వచ్చేదే. ఒక్కోసారి మాత్రం సరిగా చేయని పని ఆ మాట చాటున దాక్కుంటుంది. ఏది వినయం, ఏది తప్పించుకోవడం అని తేల్చుకోవడమే ఇక్కడి చిక్కు.

ఈ సందేహానికి ఆధారంగా ఎక్కువమంది చూపేది భగవద్గీత రెండో అధ్యాయంలోని నలభై ఏడో శ్లోకం. మనిషికి కర్మ మీదే అధికారం, ఫలం మీద కాదు అన్న ఆ బోధ తెలుగునాట అక్షరం రానివాళ్ల నోట కూడా నలుగుతుంది. అయితే అది వదులుకోమన్నది కర్త తనకోసం ఆశించే ఫలాన్ని: పేరును, పుణ్యాన్ని, గెలిచానన్న తృప్తిని. అన్నం పెట్టినవాడికి కీర్తి రావడం ఒక ఫలం, తిన్నవాడి ఆకలి తీరడం ఇంకొక ఫలం. మొదటిదాని మీద మమకారం తెంచుకోమన్న గ్రంథం, రెండోది ఏమైపోయినా ఫరవాలేదని ఎక్కడా చెప్పలేదు. పైగా అందుకు విరుద్ధంగా చెప్పింది. పద్దెనిమిదో అధ్యాయం ఇరవై ఐదో శ్లోకంలో తామస కర్మకు ఇచ్చిన నిర్వచనం చూస్తే ఇది స్పష్టమవుతుంది. పని వల్ల తరవాత ఏం జరుగుతుంది, ఎంత ఖర్చయిపోతుంది, ఎవరికి హాని కలుగుతుంది, దాన్ని చేయగల శక్తి తనకుందా అన్నవి చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పని తామసం అని ఆ శ్లోకం తాత్పర్యం. స్వచ్ఛంద సంస్థ వేసుకోవలసిన ప్రశ్నలు ఈ నాలుగింటిలోనే ఉన్నాయి. ఫలితాన్ని చూడకపోవడం నిష్కామం అనిపించుకోదు. గీత లెక్కలో అది అన్నిటికంటే కింది మెట్టు.

దానం విషయంలోనూ అంతే. పదిహేడో అధ్యాయం సాత్విక దానానికి దేశం, కాలం, పాత్రం అని మూడు షరతులు పెట్టింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే విచారించాలి, తిరిగి చూడాలి, అడిగి తెలుసుకోవాలి. మంచి మనసు ఒక్కటే ఉంటే ఈ మూడూ తెలియవు. మూడో అధ్యాయంలో లోకసంగ్రహం (లోకహితం) గురించి చెప్పేటప్పుడు గీత ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆశ ఉన్నవాడు ఎంత పట్టుదలగా పని చేస్తాడో, ఆశ లేని జ్ఞాని కూడా అంతే పట్టుదలగా చేయాలంటుంది. అంటే నిష్కామంగా చేసే పని లాభం కోసం చేసే పని కంటే ఏ మాత్రం నాసిగా ఉండకూడదు. ఉచితంగా ఇస్తున్నాం కదా, ఎలా ఉంటేనేం అనుకొనేవాళ్లకు గీతలో చోటు లేదు. పడమటి తత్త్వశాస్త్రంలో ఫలితాన్ని పక్కన పెట్టి సంకల్ప శుద్ధినే గీటురాయిగా తీసుకున్న కాంట్ కూడా ఈ జాగ్రత్త పడ్డాడు. సంకల్పం అంటే ఉత్త కోరిక కాదని, చేతిలో ఉన్న సాధనాలన్నిటినీ కూడదీసుకొని ప్రయత్నించడమని 1785 నాటి తన నీతిశాస్త్ర గ్రంథం మొదట్లోనే చెప్పాడు.

పేదవాడిలో నారాయణుణ్ణి చూడమన్న వివేకానందుడి బోధ మీద 1897లో రామకృష్ణ మిషన్ పుట్టింది. ఆ బోధను అక్షరాలా తీసుకుంటే నైపుణ్యం ఐచ్ఛికం కాకుండా పోతుంది. గుడిలో స్వామికి పెట్టే ప్రసాదం మాడిపోతే, భక్తితో వండాను కదా అని వంటస్వామి సర్దిచెప్పుకోడు, మళ్లీ వండుతాడు. ఆ నారాయణుడే ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకొని కూర్చున్నప్పుడు మాత్రం భక్తి ఉంటే చాలుననుకోవడానికి కారణం కనిపించదు.

ధార్మిక సంప్రదాయాలు వ్యక్తిగత దానం దాటి సంస్థలుగా మారిన ప్రతిచోటా అర్హత, లెక్క అన్న మాటలు తప్పకుండా వచ్చాయి. బౌద్ధ సంఘంలో భోజనాలు పంచిపెట్టే భిక్షువుకు వినయపిటకం అయిదు లక్షణాలు నిర్ణయించింది. రాగం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగింటికి లోబడి పక్షపాతం చూపకూడదు. అయిదోది, ఎవరికి వంతు అందింది, ఎవరికి అందలేదు అన్నది అతనికి తెలిసి ఉండాలి. నాలుగు శీలానికి సంబంధించినవైతే అయిదోది పద్దుకు సంబంధించింది. రెంటినీ ఒకే వరసలో పెట్టడం గమనించవలసిన సంగతి. తొలి క్రైస్తవ సమాజంలో రోజువారీ పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు సరిగా అందడం లేదని సణుగుడు బయలుదేరింది. అప్పుడు అపొస్తలులు వివేకం, మంచి పేరు ఉన్న ఏడుగురిని ఆ పనికి ఎంపిక చేయించారని బైబిలులో అపొస్తలుల కార్యాల ఆరో అధ్యాయం చెబుతుంది. ఎవరికి అందలేదో చూడటంతోనే అక్కడ వ్యవస్థ మొదలైంది. ఇస్లాంలో జకాత్ మొదటినుంచీ లెక్కతో ముడిపడినదే. ఎంత ఆస్తి మీద, ఎంత వంతు అన్నది నిర్ణయమై ఉంటుంది; డబ్బు మీదైతే నలభయ్యో వంతు. ఖురాన్ తొమ్మిదో అధ్యాయం అరవయ్యో వాక్యం ఆ సొమ్ము ఎనిమిది రకాల వాళ్లకు చెందాలని చెబుతుంది. పేదలు, అప్పులపాలైనవాళ్లు, బాటసారులతోపాటు ఆ పట్టికలో జకాత్ వసూలు చేసి పంచే పనివాళ్లు కూడా ఉన్నారు. సేవ నడిపించే మనిషి జీతం సేవలో భాగమేనని ఒక మతగ్రంథమే ఒప్పుకొంది.

అలాగని కొలత ఎప్పుడూ అవసరమేనా? కోనసీమలోని లంకల గన్నవరంలో గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) ఏ రిజిస్టరూ రాసి ఉండరు. ఆవిడకు దాని అవసరం లేదు. విస్తరి ముందు కూర్చున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఇంకొంచెం వడ్డించాలా, మారు అడగడానికి మొహమాటపడుతున్నాడా అన్నది ఆ ముఖం చూస్తే తెలిసేది. వడ్డించే చేయి, చూసే కన్ను ఒకే మనిషివి. సంస్థ పెరిగేకొద్దీ ఈ రెండూ విడిపోతాయి. తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలయ్యాకా, 2001లో సుప్రీంకోర్టు ఆదేశంతో దేశమంతటా బడిపిల్లలకు వండిన భోజనం పెట్టడం తప్పనిసరి అయ్యాకా, వంట చేసే చోటికీ తినే మనిషికీ మధ్య కొలతలు, లారీలు, బిల్లులు వచ్చి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బడి భోజనానికి ఇప్పుడు సీతమ్మ పేరే ఉంది. పిల్లవాడు పప్పు పక్కకు నెట్టేశాడా, గుడ్డు అందిందా అన్నది నిర్ణయాలు తీసుకొనే అధికారికి కనిపించదు. సీతమ్మ కంటికి కనిపించినదాన్ని సంస్థ ఇంకో దారిన తెలుసుకోవాలి. పనితీరు కొలతకు ఉన్న అసలు సమర్థన ఇదే. వెళ్లిన ప్లేట్ల సంఖ్య లెక్కపెట్టి ఊరుకుంటే, చూపు పోయిన చోట చూపు తిరిగి రాలేదన్నమాటే.

ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో కంటి వైద్యంలో తేటతెల్లంగా కనిపిస్తుంది. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. ఆ రోజుల్లో ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టేవారు. బడిలోనో సత్రంలోనో బల్లలు సర్ది, ఒక్కరోజులో పదులకొద్దీ శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. జిల్లాకు ఇన్ని అని లక్ష్యం ఉండేది. దాతలు, సేవా క్లబ్బులు, మఠాలు ముందుకొచ్చి పోటీలు పడి శిబిరాలు నిర్వహించేవి. చేసినవాళ్ల చిత్తశుద్ధిని శంకించనక్కర లేదు. కానీ అప్పటి పద్ధతిలో మసకబారిన కటకాన్ని తీసేసి, దాని స్థానంలో ఏమీ పెట్టకుండా పంపేవారు. రోగికి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. పొలం పనిలో అవి పగిలినా, మనవడు ఆడుకుంటూ విరగ్గొట్టినా, ముసలాయన మళ్లీ గోడ పట్టుకొని నడవాల్సిందే. కొత్త అద్దాలు కావాలంటే పట్నం పోవాలి, డబ్బులుండాలి, తోడు రావడానికి ఎవరో ఒకరు పని మానుకోవాలి. శిబిరం రిజిస్టరులో మాత్రం ఆ కన్ను విజయవంతమైన ఆపరేషన్‌గానే నిలిచిపోయేది. ఆపరేషన్ల సంఖ్యను కొలిచినవాళ్లు చూపును కొలవలేదు.

హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వే జరిపింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా మనుషుల కళ్లు పరీక్షించారు. ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాకుండా జనాభాలోంచి ఎంపిక చేసినవాళ్లను చూడటంలోనే దీని విలువంతా ఉంది. ఆసుపత్రి రికార్డులో బాగుపడ్డవాళ్లే ఎక్కువ కనిపిస్తారు, చెడిపోయినవాళ్లు తిరిగి రారు. ఇళ్లకు దగ్గరగా వెళ్లి చూసినప్పుడు, ఆపరేషన్ అయిన కళ్లలో తక్కువేమీ కాని భాగానికి చూపు సరిగా రాలేదని తేలింది. కారణాల్లో ఆపరేషన్ లోపాలున్నాయి, తగిన అద్దాలు లేకపోవడమూ ఉంది. ఈ నిజం బయటపడకపోతే ఇంకా ఇంకా శిబిరాలు, ఇంకా ఇంకా పుణ్యం, ఇంకా ఇంకా గుడ్డివాళ్లు. కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వ్యాపించాక పరిస్థితి మారింది. ఆ కటకాలు చౌకగా దొరకాలని మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంత కర్మాగారమే పెట్టింది.

అరవింద్ కథలో ధార్మిక ప్రశ్నకు నేరుగా జవాబు దొరుకుతుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకర తిరిగిపోయిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో పదకొండు పడకలతో ఆ ఆసుపత్రి తెరిచారు. ఆయన శ్రీ అరవిందుల భక్తుడు. ఆసుపత్రికి పెట్టిన పేరు కూడా అరవిందులదే. వెంకటస్వామికి సాధనా, ఆపరేషన్ టేబులు దగ్గర వృథా అయ్యే నిమిషాలను తగ్గించడమూ వేరు కాదు. ఏ సర్జన్ చేతిలో ఎన్ని చిక్కులు తలెత్తాయో లెక్క తీసి, లోపాన్ని సరిదిద్దుకొనే అలవాటు ఆ సంస్థ పునాదిలో ఉంది. పల్లెటూళ్ల ఆడపిల్లలకు రెండేళ్లు శిక్షణ ఇచ్చి, కంటి పరీక్ష నుంచి ఆపరేషన్‌కు ముందు తయారీ దాకా చాలా పనులు వాళ్ల చేతికి అప్పగించారు. డాక్టరు డాక్టరు మాత్రమే చేయగల పని చేస్తాడు. హైదరాబాదు సంస్థ కూడా ఇదే దారి పట్టింది. సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం పెట్టి, ఆ ప్రాంతపు యువతీయువకులకే శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టింది. కొలత లోపాన్ని చూపిస్తే శిక్షణ దాన్ని పూడ్చింది. కొలిచి ఊరుకున్నా, కొలవకుండా శిక్షణ ఇచ్చినా ఈ ఫలితం వచ్చేది కాదు.

చదువు విషయంలో ఇదే సంగతి మరో రూపంలో జరిగింది. బడిలో చేరిన పిల్లల సంఖ్య చూసి దేశం చాలాకాలం తృప్తి పడింది. ప్రథమ్ సంస్థ 2005లో ఏసర్ పేరుతో సర్వే మొదలుపెట్టి, ఇంటి అరుగు మీదే పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇచ్చింది. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఆ తరవాత రెండో తరగతి స్థాయి కథ. అయిదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది ఆ కథ చదవలేకపోతున్నారని ఏడాది తరవాత ఏడాది బయటపడింది. ఈ పరీక్షలో మెచ్చుకోవలసింది దాని తేలికతనం. పక్కన నిలబడి చూస్తున్న తల్లికి చదువు రాకపోయినా, కొడుకు తడబడటం ఆమెకు అర్థమవుతుంది. కొలత ఫలితం ఢిల్లీకి వెళ్లకముందే ఆమెకు తెలిసిపోయింది. ఎవరి మేలు కోసం కొలుస్తున్నారో వాళ్లకు అర్థం కాని కొలతలు నేడు ఎన్నో ఉన్నాయి. సేవాధర్మం దృష్టిలో వాటి స్థానం తక్కువే.

తప్పుడు కొలత ఏం చేయగలదో చెప్పడానికి వేరే దేశం వెళ్లనక్కర లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే సంస్థలు కొన్ని సేవాసంస్థలుగానే పుట్టి, తరవాత లాభాల కంపెనీలుగా మారాయి. వాటి పనితీరుకు ప్రపంచమంతా ఒప్పుకొన్న కొలమానం వసూలు శాతం. అది దాదాపు నూటికి నూరు ఉండేది. పేదలు నిజాయితీపరులు, అప్పు వాళ్లకు ఉపయోగపడుతోంది అనడానికి ఆ అంకెనే రుజువుగా చూపారు. వాయిదా ఎక్కడి నుంచి వస్తోందో ఆ అంకె చెప్పలేదు. ఒక సంస్థ వాయిదా కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు, దానికోసం మూడో సంస్థ, ఆపైన వడ్డీ వ్యాపారి. వాయిదా రోజున డబ్బు తక్కువైతే గుంపులోని మిగతా ఆడవాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చొనేవారు, ఎందుకంటే ఆమె కట్టకపోతే వాళ్లు కట్టాలి. ఇంట్లో బిందె, మెడలో పుస్తెలు తాకట్టుకు పోయేవి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ వెంటనే వసూళ్లు కుప్పకూలాయి. ఎవరి ఫలాన్ని లెక్కపెట్టారన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు కుండబద్దలు కొట్టినట్టు కనిపిస్తుంది. అప్పిచ్చినవాడి ఫలాన్ని లెక్కపెట్టి, దానికే తీసుకున్నవాళ్ల మేలు అని పేరు పెట్టారు. గీత వదులుకోమన్న ఫలమే కొలమానమై కూర్చుంది.

అదే ఊళ్లలో, అదే ఆడవాళ్ల మధ్య ఇంకో కొలత కూడా నడిచింది. పొదుపు సంఘాల ఉద్యమానికి నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో లేచిన సారా వ్యతిరేక పోరాటం ఊపిరి పోసింది. 2000లో వెలుగు పథకం, దాన్ని నడిపే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ వచ్చాక సంఘాల పనితీరుకు పంచసూత్రాలు ఏర్పడ్డాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే ఒకరికొకరు అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ. ఇందులోనూ వసూలు ఉంది. కానీ అది అయిదింటిలో ఒకటి మాత్రమే, పైగా డబ్బు వాళ్లదే. సమావేశంలో చాప మీద గుండ్రంగా కూర్చొని, పుస్తకం రాసే అమ్మాయి ఒక్కొక్కరి పద్దు పైకి చదువుతుంటే, చదువు రాని సభ్యురాలు కూడా తన లెక్క వేళ్ల మీద సరిచూసుకొంటుంది. పద్దు తప్పితే అక్కడికక్కడే ‘కాదమ్మా, పోయిన నెల నేను రెండొందలు కట్టాను’ అంటుంది. కొలత మీద అధికారం ఆమె చేతిలో ఉంది. సంఘాలన్నీ ఇలాగే నడిచాయనడం సత్యం కాదు. పుస్తకాలు ఆగిపోయినవి, లీడరు చేతికిందకు పోయినవి ఎన్నో. అయినా ఆ పద్ధతి ఆశించిన ఆదర్శం మాత్రం ఇదే, అది సరైనదే.

ఈ ఉద్యమం నైపుణ్యం గురించి ఇంకొక పాఠం నేర్పింది. బయటి నిపుణుడు వచ్చి మూడు రోజులు తరగతి చెబితే నిలవనిది, తనలాగే పేదరికం నుంచి లేచి వచ్చిన ఇంకో ఆడమనిషి ఊళ్లో పదిహేను రోజులు ఉండి నేర్పితే నిలిచింది. సీఆర్పీలని పిలిచే ఈ మహిళలు తెలుగు జిల్లాలు దాటి బిహారు వంటి రాష్ట్రాలకూ వెళ్లి సంఘాలు పెట్టించారు. భాష రాకపోయినా తమ బతుకు చెప్పి నేర్పారు. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానంలో ఎనిమిది మెట్లు చెప్పి, పై మెట్టు మీద భిక్షను పెట్టలేదు. అప్పుగానో, భాగస్వామ్యంగానో, పనిగానో ఇచ్చి మనిషి ఇంకొకరి మీద ఆధారపడనక్కర లేకుండా చేయడాన్ని పెట్టాడు. నేర్చుకున్న మనిషి నేర్పే మనిషిగా మారడం ఆ మెట్టు కంటే ఇంకొంచెం పైనే ఉంటుందనాలి.

తెలుగువాళ్లలో ఈ దృష్టిని సంస్థగా మలిచినవాళ్లలో ముందు చెప్పవలసిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ప్రదర్శనలో బాలిక వాలంటీరుగా ఉన్న ఆమె, టికెట్ లేదని నెహ్రూను గుమ్మం దగ్గర ఆపేసిన సంగతి అందరూ చెప్పుకొనేదే. చిలిపి కథలా చెప్పుకొనే ఆ సంఘటనలో తన పని తనకు పూర్తిగా తెలిసిన కార్యకర్త కనిపిస్తుంది. ఆమె మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభను ప్రారంభించి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు తెచ్చింది. దిక్కులేని స్త్రీని ఆశ్రమంలో పెట్టి పోషించడం అప్పటి సేవ. ఆమెను టీచరుగానో నర్సుగానో తయారుచేసి జీతం తెచ్చుకొనేలా చేయడం దుర్గాబాయి సేవ. ఇక్కడ ఫలితం దాగేది కాదు. పరీక్ష ప్యాసైందా, ఉద్యోగం వచ్చిందా అన్నది ఊరందరికీ తెలుస్తుంది.

నైపుణ్యానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఇవ్వడానికే దాతలు వెనకాడతారు. రూపాయి మొత్తం పేదవాడికే చేరాలన్న కోరిక వినడానికి పవిత్రంగా ఉంటుంది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించినప్పుడు నిర్వహణ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. దుబారాను అరికట్టడం న్యాయమే. కానీ పుస్తకాలు రాసే మనిషికీ, కార్యకర్తకు శిక్షణ ఇచ్చే మనిషికీ అయ్యే ఖర్చును పేదవాడి నోటి దగ్గరి ముద్ద కాజేయడంగా చూస్తే, చివరికి నష్టపోయేది ఆ పేదవాడే. కార్యకర్తకు రావలసిన పని రాదు, పోయిన సొమ్ముకు లెక్క ఉండదు. జకాత్ నియమం ఈ విషయంలో నేటి దాతల కంటే ముందుచూపుతో ఉంది. దక్షిణాఫ్రికాలో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు నడిపిన రోజుల నుంచి గాంధీ ప్రతి పైసాకు రసీదు, ప్రతి ఖర్చుకు పద్దు ఉండాలని పట్టుబట్టారు. లెక్క సరిగా లేని సంస్థలో సత్యం నిలవదని ఆయన నమ్మకం. జమాఖర్చులు ఆయనకు గుమాస్తా పని కాదు, వ్రతంలో భాగం.

లెక్క అడగడం ఇప్పుడు చట్టంలోకి కూడా వచ్చింది. కంపెనీల చట్టం (2013) 135వ సెక్షన్ పెద్ద కంపెనీలను లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయమంది. 2021 నియమాలు సగటున 10 కోట్లు, అంతకు మించి ఆ బాధ్యత ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల ప్రభావాన్ని బయటివాళ్లతో అంచనా వేయించాలన్నాయి. దీంతో కొలత కోరేవాళ్లు పెరిగారు, కొలిచే కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఒక ప్రమాదం కూడా వచ్చింది. ఏ అంకె మీద డబ్బు ఆధారపడుతుందో ఆ అంకె క్రమంగా చెడిపోతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంబెల్ 1970లలోనే హెచ్చరించాడు. తేలికగా కొలవదగిన పనులు చేపట్టి, కష్టమైన మనుషులను వదిలేయడం ఆ చెడిపోవడానికి మొదటి రూపం. వీధి పిల్లల్లో కాస్త చదువు వచ్చినవాళ్లను చేర్చుకుంటే ఏడాది చివర అంకె బాగుంటుంది. మందుకు అలవాటు పడినవాడు గుమ్మం బయటే ఉండిపోతాడు.

అయితే ఈ హెచ్చరికను ప్రతిచోటా సిద్ధాంతంగా పెట్టుకోవడం కూడా సరికాదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం జరిపారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనసు ఇచ్చారు. తెలుగు, లెక్కల మీద మాత్రమే బోనసు ఉంది. బోనసు లేని సైన్సు, సోషల్‌లో కూడా ఆ బడుల పిల్లలు ముందున్నారు. అంకె కోసం మిగతా చదువు కుంటుపడుతుందన్న భయం అక్కడ నిజం కాలేదు. పరీక్ష పెట్టింది బడి కాదు, బయటివాళ్లు; ప్రశ్నలు బట్టీయాన్నే కాక అర్థాన్ని కూడా అడిగాయి. జీతం తీసుకొనేవాడు, కొలిచేవాడు ఒకరే కాకుండా చూసుకుంటే ఆశ కూడా పిల్లవాడి మేలుకు పనికి రావచ్చునని దీనివల్ల తెలుస్తుంది. నిష్కామం టీచరు సాధనకు గురి కావచ్చు. పిల్లవాడి చదువు టీచరుకు వైరాగ్యం వచ్చేదాకా ఆగనక్కర లేదు.

కొలత ఇంకో మెట్టు ఎక్కి, ఏ సేవ గొప్పది అని సేవలనే పోల్చడం మొదలుపెట్టింది. తూర్పు బెంగాలు శరణార్థుల ఆకలి నేపథ్యంలో తత్త్వవేత్త పీటర్ సింగర్ 1972లో ప్రచురించిన వ్యాసం, దూరాన ఉన్నవాడి ప్రాణానికి, దగ్గరవాడి ప్రాణానికి నీతి దృష్టిలో తేడా లేదని వాదించింది. ఆ వాదం నుంచే రూపాయికి ఎక్కడ ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో లెక్క కట్టే సంస్థలు 2000ల తరవాత పుట్టాయి. దోమతెరలు, నులిపురుగుల మాత్రలు ఈ లెక్కల్లో పైకి వచ్చాయి. దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. కానీ అన్నిటినీ ఒకే తూకంలో వేసే ఈ పద్ధతి విధవరాలి కాసుల కథ ముందు ఆగిపోతుంది. ఆలయపు కానుకపెట్టెలో ధనవంతులు వేసినదానికంటే ఆమె వేసిన రెండు కాసులే ఎక్కువని యేసు చెప్పినట్టు మార్కు సువార్తలో ఉంది. అక్కడ కొలత ఉంది, కానీ అది ఇచ్చినదాన్ని బట్టి కాక, ఇచ్చాక మిగిలినదాన్ని బట్టి ఉంది. దాత త్యాగానికి ఈ కొలత, సంస్థ పనికి మొదటి కొలత. ఒకదాని చోట ఒకటి వాడినప్పుడే ఇబ్బంది వస్తుంది. త్యాగం గొప్పదని పని బాగుందనడం ఎంత తప్పో, పని చిన్నదని త్యాగాన్ని తక్కువ చేయడమూ అంతే తప్పు.

ఇక అందరికంటే గట్టి అభ్యంతరం, ఫలితమే లేని సేవ ఉంది కదా అన్నది. చావు దగ్గరపడ్డ మనిషికి చేసే సేవలో బాగుపడటమనేది ఉండదు. మదర్ థెరిసా 1952లో కలకత్తాలో కాళీఘాట్ దగ్గర నిర్మల్ హృదయ్ తెరిచినప్పుడు దిక్కులేనివాళ్లు రోడ్డు మీద కాక, మనుషుల మధ్య కన్నుమూయాలన్నదే ఉద్దేశం. దాన్ని ఏ అంకెలో పెట్టగలరు? 1994లో లాన్సెట్ వైద్యపత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ ఆ చోటు చూసి వచ్చి రాసినదాంట్లో రెండు సంగతులూ ఉన్నాయి. సోదరీమణుల ఆప్యాయతనూ, పుండ్లు కడగడంలో వాళ్ల శ్రద్ధనూ మెచ్చుకున్నాడు. కానీ రోగమేమిటో తేల్చే ఏర్పాటు సరిగా లేదని, గట్టి నొప్పి మందులు లేవని ఎత్తిచూపాడు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా విశ్వాసం గల క్రైస్తవురాలే. ఆమె ముందు నర్సు, ఆ తరవాత నొప్పి గురించి ఏదైనా చేయాలంటే డాక్టరు కావాలని తెలుసుకొని వైద్యం చదివింది. నొప్పి వచ్చాక కాకుండా, రాకముందే వేళ తప్పకుండా మార్ఫిన్ ఇవ్వాలన్న పద్ధతిని నిలబెట్టింది. ఎంత ఇవ్వాలన్నది రోగిని అడిగి, విని, రాసుకొని నిర్ణయించింది. చివరి దశలో కూడా కొలవదగినది ఒకటి ఉందని ఆమె చూపింది. రాత్రి నిద్ర పట్టిందా, నొప్పి పదిలో ఎంత, అన్నం మింగుడు పడుతోందా అని రోజూ అడిగి రాసుకోవడం కరుణకు అడ్డం రాదు. అడగకపోతే ఆ మనిషి మూలుగు మీద ఎవరి దృష్టీ పడదు.

కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సంరక్షణ సంఘం ఈ పనిని ఇరుగుపొరుగు చేతికి అందించింది. పక్కింటి దుకాణదారు, రిటైరైన టీచరు కొన్ని గంటల శిక్షణ తీసుకొని మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్తారు. పుండ్లు పడకుండా పక్క మార్చడం, నోరు శుభ్రం చేయడం, నర్సుకు ఏం చెప్పాలో గమనించడం నేర్చుకుంటారు. దేశంలో మిగతా చోట్ల ఈ సేవకు అడ్డుపడింది దయ లేకపోవడం కాదు. మాదక ద్రవ్యాల చట్టం (1985) కింద మార్ఫిన్ నిల్వ ఉంచుకోవడానికి ఒకదాని మీద ఒకటి లైసెన్సులు కావలసి వచ్చేవి, చాలా ఆసుపత్రులు ఆ గొడవే వద్దని ఊరుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కు తగ్గించారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఇప్పుడు ఒకే అనుమతితో మార్ఫిన్ ఉంచుకోవచ్చు. అందుకు ఉన్న షరతుల్లో రెండు: నొప్పి నివారణలో శిక్షణ పొందిన డాక్టరు అక్కడ ఉండాలి, వచ్చిన మందు, ఇచ్చిన మందు ఎంతో రిజిస్టరులో రాసి ఉంచాలి.